అమ్మ తరఫు సాక్షి

రాజమండ్రిలో మాస్టారి ఇల్లు గోదావరి గట్టుకి నాలుగు వీధుల ఇవతల. ఆయన జువాలజీ లెక్చరరుగా రిటైరై పన్నెండేళ్ళయింది. వరండాలో ట్యూబులైటు మాత్రం ఇప్పటికీ మనుషుల కోసం కాదు, పురుగుల కోసమే వేస్తారు. వానాకాలం సాయంత్రాలు గోడ నిండా వాలతాయి. ఆ రోజు ఆయన మేనకోడలు సెలవు మీద వచ్చి ఉంది. కీటకాల డీఎన్ఏ చదివే ల్యాబులో ఆమె ఉద్యోగం. ఇద్దరికీ ఒకే రకం పురుగంటే ప్రాణం. ఒకరి పద్ధతి ఒకరికి గిట్టదు. నేను కాఫీకని వెళ్ళి రాత్రి పదింటిదాకా వాళ్ళ మధ్య ఇరుక్కుపోయాను.

గొడవకి అంకురార్పణ చేసింది నేనే. గోడ మీద వాలినదాన్ని చూసి, "ఉసిళ్ళు వచ్చేశాయి" అన్నాను. ఇద్దరూ నా మీద పడ్డారు.

మాస్టారు: ఉసిళ్ళు పుట్టలోంచి వస్తాయండీ. రెక్కలొచ్చిన చెదలు అవి. నాలుగు రెక్కలూ ఒకే పొడుగు. వీపు మీద పడుకోబెట్టుకుంటాయి, నేల మీద పడ్డాక రాల్చేస్తాయి. దీన్ని చూడండి. రెక్కలు నిట్టనిలువుగా, నమస్కారం పెట్టిన చేతుల్లా ఉన్నాయి. వెనక్కి మడిచి పడుకోబెట్టడం దీనికి చేతకాదు. తోక చివర పోగులున్నాయి చూశారా? ఇది మేఫ్లై. పుట్టలోంచి రాలేదు, నీళ్ళలోంచి వచ్చింది.

మేనకోడలు: రెక్కలు మసగ్గా ఉన్నాయి మావయ్యా. ఇంకా కుబుసం విడవలేదు.

మాస్టారు: అదే చెప్పబోతున్నాను. సీతాకోకచిలుక గానీ, ఈగ గానీ, తూనీగ గానీ, రెక్కలొచ్చాక ఇక కుబుసం విడవవు. రెక్కలొచ్చి, ఎగిరి, మళ్ళీ ఒకసారి చర్మం విడిచే పురుగు కీటకాలన్నిట్లో ఇదొక్కటే. నీటి అడుగున నెలల తరబడి, కొన్ని జాతులైతే రెండేళ్ళదాకా, పాచి గీక్కుని తింటుంది. గాల్లోకి వచ్చాక నోరు పనిచెయ్యదు. పేగుల్లో ఉండేది గాలే. చాలా జాతులకి ఆయుష్షు కొన్ని గంటలు, మహా అయితే రెండు మూడు రోజులు. ఆ కాస్త టైములో జత వెతుక్కుని గుడ్లు పెట్టాలి.

మేనకోడలు: ఒక కాలు ఇస్తారా?

మాస్టారు: విన్నారా? పురుగు కంటబడితే చాలు, కాలు అడుగుతారు వీళ్ళు. మా రోజుల్లో పురుగు దొరికితే ముందు పేరు అడిగేవాళ్ళం.

మేనకోడలు: పేరు కోసమే కాలు. ఒక్క కాల్లో ఉన్న కండ చాలు. ఎందుకంటే కేంద్రకంలో ఉండే డీఎన్ఏ కణానికి రెండు ప్రతులే. మైటోకాండ్రియా డీఎన్ఏ అయితే ఒక్కో కణంలో వందలు, వేలు. గుండ్రంగా చుట్టుకున్న చిన్న దారం, దాని మీద 37 జన్యువులు. పదమూడు ప్రొటీన్లకి, ఇరవై రెండు ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలకి, రెండు రైబోజోముకి. అక్షరాల్లో చెప్పాలంటే పదిహేను, పదహారు వేలు. అంతే పుస్తకం. పైగా అది తల్లి నుంచే వస్తుంది.

నా ముఖం చూసి ఆమె ఆగింది.

మేనకోడలు: గోత్రం లాంటిదనుకోండి, తిరగేసి. మన గోత్రం, ఇంటిపేరు నాన్న వైపు నుంచి వస్తాయి కదా. ఇది అమ్మ తరఫు గోత్రం. అమ్మకి వాళ్ళమ్మ నుంచి, ఆవిడకి వాళ్ళమ్మ నుంచి. తండ్రి డీఎన్ఏతో కలిసి ముక్కలై అతుక్కోవడం ఉండదు. మధ్యలో ఎక్కడో ఒక అక్షరం మారితే ఆ మార్పు కూతుళ్ళ వెంట అలాగే దిగుతుంది. రెండు పురుగుల మధ్య ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కేస్తే, వాటి తల్లుల దారి ఎక్కడ చీలిందో వెనక్కి వెళ్ళి చూడొచ్చు.

మాస్టారు: గోత్రం చూసి చుట్టరికం చెప్పేస్తావన్నమాట. మన వీధిలో భారద్వాజస గోత్రం వాళ్ళు నాలుగు ఇళ్ళున్నారు. ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారో వాళ్ళకే తెలీదు.

మేనకోడలు: మన గోత్రంలో అక్షరాలు మారవు కాబట్టి. ఇందులో మారతాయి.

మాస్టారు: సరే. నా అభ్యంతరం అది కాదు. నువ్వు పిలిచేది ఒక్క సాక్షిని. 37 జన్యువులన్నావు, బాగానే ఉంది, కానీ అవన్నీ ఒకే దారానికి కట్టి ఉన్నాయి, కలిసే ప్రయాణం చేస్తాయి. 37 మంది సాక్షులు కారు, ఒకే మనిషి 37 సార్లు చెప్పినట్టు. ఆ మనిషి తండ్రి మాట ఎత్తడు. రెండు జాతులు ఎప్పుడో ఒకసారి కలిసి, ఒకదాని ఆడపురుగు మైటోకాండ్రియా ఇంకోదాంట్లోకి వెళ్ళిందనుకో, తరవాత వందల తరాలు మిగతా శరీరమంతా మామూలు జాతే అయినా, నీ సాక్షి అబద్ధమే చెబుతాడు. వోల్బాకియా సంగతి నువ్వే చెప్పావు కదా, పోయిన సంక్రాంతికి.

మేనకోడలు: చెప్పాను. గుడ్డులోంచి తల్లి నుంచి పిల్లకి వెళ్ళే బాక్టీరియా అది, చాలా కీటకాల్లో ఉంటుంది. అది పట్టిన ఆడవాటి సంతానం జాతిలో పెరిగిపోతే, వాటి మైటోకాండ్రియా కూడా దాని వెనకాలే ఊరంతా నిండుతుంది. ఒప్పుకుంటాను. ఇంకోటి మీరు మర్చిపోయారు, నేనే చెబుతా. మైటోకాండ్రియా ముక్కలు కొన్ని ఎప్పుడో కేంద్రకంలోకి వెళ్ళి పడి ఉంటాయి. డీఎన్ఏకి ప్రతులు తీసే పీసీఆర్ ఒక్కోసారి అసలుది వదిలేసి ఆ పాత ముక్కని పట్టుకుంటుంది. చూసుకోకపోతే లేని జాతిని కనిపెట్టామని కాలరెగరేస్తాం.

మాస్టారు: మరింకేం? కేసు కొట్టేశారు.

మేనకోడలు: కొట్టెయ్యరు మావయ్యా. సాక్షి లోపాలు తెలిస్తే అడిగే ప్రశ్న మార్చుకుంటాం. మొప్పలు లెక్కపెట్టి పేరు చెప్పే మీ పద్ధతికి మాత్రం లోపాల్లేవా? నాకు చెప్పండి, నీళ్ళలో ఉన్న పిల్లపురుగుని చూసి, ఈ గోడ మీది రెక్కల పురుగుని చూసి, రెండూ ఒకటేనని ఎలా చెబుతారు?

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. ప్రశ్న గట్టిదే. పిల్లపురుగుకి మొప్పలుంటాయి, పొట్టకి రెండు పక్కలా ఏడు జతల వరకు. దవడలుంటాయి, గోళ్ళుంటాయి. రెక్కలొచ్చినదానికి మొప్పలూ లేవు, పనికొచ్చే దవడలూ లేవు. పుస్తకాల్లో జాతుల వర్ణన ఎక్కువగా మగపురుగు మీద ఉంటుంది. ఆడది దొరికినా, పిల్ల దొరికినా ఆ పుస్తకం మూసెయ్యాల్సిందే.

మాస్టారు: పెంచి చెబుతాను. అదొక్కటే నిజమైన దారి. రెక్కతిత్తులు నల్లబడ్డ పిల్లని ఏరి తేవాలి. నల్లబడిందంటే లోపల రెక్కలు తయారయ్యాయన్నమాట, ఒకటి రెండు రోజుల్లో బయటికొస్తుంది. మూత మీద జాలీ కట్టి, గాలి బుడగలు పెట్టి, నీళ్ళు చల్లగా ఉంచి, రాత్రి లేచి లేచి చూడాలి. వచ్చిందా, దాన్నీ, అది విడిచిన కుబుసాన్నీ ఒకే సీసాలో వెయ్యాలి. అప్పుడు మొప్పలెవరివో రెక్కలెవరివో ప్రపంచంలో ఎవడూ కాదనలేడు. మీ అత్తయ్యనడుగు, గంగాళం ఎన్నేళ్ళు వంటింట్లోకి రాలేదో.

మేనకోడలు: ఎన్ని జాతులకి చేశారు?

మాస్టారు: ...పదకొండు.

మేనకోడలు: ముప్ఫయ్యేళ్ళలో. నేను పిల్ల కాలొకటి, పెద్దదాని కాలొకటి తీసుకుని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఒకటో జన్యువులో 658 అక్షరాలు చదువుతాను. కలిస్తే ఒకటే జాతి. రెండు మూడు రోజుల పని. ఆ ముక్కని పట్టుకునే ప్రైమర్లు 1994లోనే తయారయ్యాయి. దాన్నే జంతువులన్నిటికీ గుర్తింపు ముక్కగా వాడదామని 2003లో కెనడాలో పాల్ హెబర్ట్ ప్రతిపాదించారు. 2005లో ఉత్తర అమెరికా మేఫ్లైల మీద ప్రయత్నిస్తే, ముందే పేర్లున్న జాతుల్ని ఒకటీ అరా తప్ప విడివిడిగానే చూపించింది.

మాస్టారు: ముందే పేర్లున్న జాతుల్ని. ఆ పేర్లు పెట్టిందెవరు?

మేనకోడలు: మీలాంటి వాళ్ళే. కాదనలేదు.

మాస్టారు: కాదనలేదు గానీ, మా సీసాలు పనికిరావని మాత్రం అన్నావు.

ఇది నాకు కొత్త. లోపల గదిలో మాస్టారి అలమరా నాకు తెలుసు. మూడు అరల నిండా మూతల మీద లక్క పెట్టిన సీసాలు. ఆమె ఎప్పుడో వాటిని చూసి, ఇవి ఫార్మలిన్‌లో ఉన్నాయి కాబట్టి డీఎన్ఏ రాదని అన్నదట. ఫార్మలిన్ కండని గట్టిపరుస్తుంది, ఆకారం చెడకుండా దశాబ్దాలు కాపాడుతుంది. అదే పనిలో డీఎన్ఏని ప్రొటీన్లకి అతికించి, ముక్కలు ముక్కలు చేసేస్తుంది. స్పిరిట్ అలా చెయ్యదు. మాస్టారికి ఆ రోజుల్లో రెక్టిఫైడ్ స్పిరిట్ కావాలంటే పర్మిటు కావాలి. 1995లో మద్యనిషేధం వచ్చాక కాలేజీలో స్పిరిట్ సీసా కనబడితే చాలు, అందరూ నవ్వులాటగా చూసేవారట. ఫార్మలిన్‌కి ఆ తంటా లేదు. పుస్తకాలూ అదే చెప్పాయి.

మేనకోడలు: పనికిరావని అనలేదు మావయ్యా. నా పనికి రావన్నాను. రెండూ ఒకటి కాదు.

మాస్టారు: వినడానికి ఒకటేగా ఉంది.

మేనకోడలు: సరే, మీ పని వల్లా నా పని వల్లా కాకుండా, రెండూ కలిస్తేనే తెలిసిన ఒక సంగతి చెబుతాను. బీటిస్ రోడాని. 1843లో పిక్టే అనే ఆయన రోన్ నది మీద పేరు పెట్టాడు. యూరప్ అంతా ఉన్న మామూలు పురుగు, ఏ వాగులో రాయి తిరగేసినా ఉంటుంది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా లేదా అని అక్కడివాళ్ళు పరీక్ష చేసేటప్పుడు దీన్ని లెక్కపెడతారు. 2006లో బ్రిటన్‌లో కొందరు దీని మైటోకాండ్రియా చదివారు. ఒకటి కాదు, లోపల చాలా దూరమైన గుంపులు. కంటికి ఒకటే. అక్షరాల్లో ఎప్పుడో విడిపోయిన దాయాదులు. ఇప్పుడు చెప్పండి, ఈ మురికిని రోడాని తట్టుకుంటుందని పట్టికలో రాసుకుంటే, ఏ రోడాని?

మాస్టారు: కంటికి ఒకటే అని ఎవరన్నారు? కన్ను సరిగ్గా పెట్టలేదేమో. చాలాసార్లు జరిగేదిదే. డీఎన్ఏ వాళ్ళు రెండున్నాయంటారు, అప్పుడు మాబోటివాడు మళ్ళీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, దవడ అంచున ఒక ముల్లు తేడా దొరుకుతుంది. ఆ ముల్లు ముందునుంచీ ఉంది. చూడమని చెప్పినవాడే లేడు.

మేనకోడలు: అంటే నా సాక్షి ఎక్కడ వెతకాలో చెప్పాడు.

మాస్టారు: (నవ్వి) ఇన్ఫార్మరు అను. సాక్షి అనకు.

నాకు ఆ మాట నచ్చింది. ఆమెకి నచ్చలేదు. ఆమె అసలు పట్టు అప్పుడు బయటికొచ్చింది. ఇన్ఫార్మర్ అయితే దగ్గరి గొడవలే చెబుతాడు, వేల మైళ్ళ దూరం సంగతి చెప్పలేడు కదా అంటూ మడగాస్కర్ ఎత్తుకుంది. ఆ సాయంత్రం ఎక్కువసేపు నడిచింది ఈ వాదనే.

మేనకోడలు: మడగాస్కర్, మన దేశం ఒకప్పుడు ఒకే భూభాగం. ఆఫ్రికా నుంచి రెండూ కలిసే విడిపోయాయి. ఆ తరవాత ఎనిమిది కోట్ల ఎనభై లక్షల ఏళ్ళ కిందట ఒకదాన్నొకటి వదిలేశాయి. మడగాస్కర్‌లో ఉన్న మేఫ్లైల గురించి పాత పుస్తకాలు చెప్పేదేమిటి?

మాస్టారు: అవి ఆ నేలతోపాటే వెళ్ళాయని. అందులో తప్పేముంది? రెక్కలొచ్చాక కొన్ని గంటలు బతికే పురుగు, నోరు లేనిది, సముద్రం దాటుతుందా? మొజాంబిక్ కాలువ ఇరుకు చోట కూడా నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. మన గోదావరి వంతెన అటు చివర నుంచి ఇటు చివరికి రావడమే దీనికి గగనం.

మేనకోడలు: అందరూ అదే అనుకున్నారు. 2005లో బీటిడే కుటుంబం మేఫ్లైల మీద ఒక పెద్ద పరిశోధన వచ్చింది. అక్కడి పురుగుల్లో కొన్ని ఆ దీవిలోనే పుట్టి అక్కడే విస్తరించిన పాత వంశాలు. కానీ కొన్నిటి దగ్గరి చుట్టాలు ఆఫ్రికాలో ఉన్నాయి. ఆ చుట్టరికం నేల విడిపోయిన నాటిది కాదు, చాలా ఇటీవలిది. అంటే సముద్రం దాటి వచ్చినవే. గాలే తెచ్చిందో, ఇంకేం తెచ్చిందో.

మాస్టారు: ఇటీవలిది అని గడియారం ఎవరిచ్చారు?

మేనకోడలు: అక్షరాల లెక్కే గడియారం.

మాస్టారు: అక్కడే నేను పట్టుకుంటాను. పది లక్షల ఏళ్ళకి రెండు వంశాల మధ్య 2.3 శాతం తేడా వస్తుందని 1994లో బ్రోవర్ లెక్క కట్టాడు. నువ్వే ఇచ్చిన పేపరు, చదివాను. 2010లో ఏజియన్ సముద్రం దీవుల్లో పెంకుపురుగుల మీద లెక్కేసి, ఇదే సైటోక్రోమ్ జన్యువుకి 3.54 శాతం అన్నారు. మేఫ్లై మీద కట్టిన లెక్కలు కావవి. నీ రెండు పురుగుల మధ్య పది శాతం తేడా ఉందనుకుందాం. ఒక గడియారం ప్రకారం నలభై మూడు లక్షల ఏళ్ళు, రెండోదాని ప్రకారం ఇరవై ఎనిమిది లక్షలు. ఒకే పెళ్ళికి రెండు ముహూర్తాలన్నమాట!

మేనకోడలు: ఏ ముహూర్తం తీసుకున్నా ఎనిమిది కోట్లకి చేరదు కదా మావయ్యా. నలభై మూడో, ఇరవై ఎనిమిదో తేలకపోవచ్చు. సముద్రం దాటిందా లేదా అన్నది తేలిపోతుంది. నా గడియారం నిమిషాల ముల్లు తప్పేమో, గంటల ముల్లు కాదు.

మాస్టారు: ఎనిమిది కోట్ల ఏళ్ళు నిజంగా గడిస్తే నీ గడియారం చూపించగలదా?

ఆమె జవాబివ్వడానికి కాస్త ఆగింది. నిజాయితీ ఉన్న మనిషి.

మేనకోడలు: చూపించలేదు. అక్షరాలు నాలుగే. ఒకే చోట మారి, మళ్ళీ మారి, ఒక్కోసారి మొదటి అక్షరానికే తిరిగొస్తుంది. పలక మీద రాసి చెరిపి, మళ్ళీ రాసి చెరిపితే చివరికి ఎన్నిసార్లు రాశామో తెలీదు కదా. పైగా కీటకాల మైటోకాండ్రియాలో ఏ, టీ అక్షరాలే ఎక్కువ. సంబంధం లేకపోయినా అక్షరాలు కలిసినట్టు కనిపిస్తాయి. పాత చీలికలకి ఇది పెద్ద బెడద.

మాస్టారు: మరి పాత చీలికే కదా అసలు ప్రశ్న! మేఫ్లైలు మూడు వేల ఏడు వందలకి పైగా జాతులు, నలభై దాకా కుటుంబాలు. వీటి తాతముత్తాతల రెక్కలు ముప్ఫై కోట్ల ఏళ్ళ నాటి బొగ్గు రాళ్ళలో దొరికాయి. రెక్కల పురుగుల వంశంలో మొదట విడిపోయిందెవరు? మేఫ్లైయా, తూనీగా, రెండూ కలిసా? రెక్కలు మడవలేకపోవడం చూస్తే మేఫ్లై, తూనీగ అన్నదమ్ములు. రెక్కలొచ్చాక కుబుసం విడవడం చూస్తే మేఫ్లై ఒక్కటే పాత అలవాటు నిలుపుకుంది, అంటే అదే మొదట విడిపోయింది. నేను రెండోదే నమ్ముతాను. నీ మైటోకాండ్రియా ఏమంటుంది?

మేనకోడలు: ఎన్ని పురుగుల్ని పెడితే అన్ని రకాలుగా అంటుంది.

మాస్టారు: అలా చెప్పు!

మేనకోడలు: పూర్తిగా చెప్పనివ్వండి. దగ్గరి చుట్టాలెవరూ లేకుండా మిగిలిపోయిన వంశాలు రెండుంటే, లెక్క వాటిని పక్కపక్కన కూర్చోబెట్టేస్తుంది. పెళ్ళి బంతిలో ఎవరికీ తెలియని ఇద్దరు ఒకచోట కూర్చుంటే, వాళ్ళు చుట్టాలేమో అనుకుంటాం, అలాగ. మీ మూడు సమాధానాలకీ మైటోకాండ్రియాలో ఎవరో ఒకరు సాక్ష్యం తెచ్చారు. ఈ చిక్కు గురించి 2003లో వచ్చిన ఆగ్డెన్, వైటింగ్‌ల పేపరుకి పేరే 'చిక్కులోని చిక్కు' అన్న అర్థంలో పెట్టారు. కానీ ఇది మైటోకాండ్రియా ఒక్కదాని తప్పు కాదు. 2014లో నూటికి పైగా శాస్త్రవేత్తలు కలిసి కీటకాల వంశవృక్షం గీశారు. కేంద్రకం జన్యువులు 1,478. రెక్కలు నలభై కోట్ల ఏళ్ళ కిందట వచ్చాయని చెప్పగలిగారు. మేఫ్లై, తూనీగల దగ్గరికొచ్చేసరికి ఆ కొమ్మ అంత గట్టిగా నిలబడలేదు. మూడు దారులూ కొద్ది కాలంలోనే చీలి, ఆ తరవాత నలభై కోట్ల ఏళ్ళు గడిస్తే ఏ సాక్షికైనా గుర్తుండదు.

మాస్టారు: నా సాక్షికి గుర్తుంది. అదిగో, గోడ మీద.

తిరిగి చూశాం. ఆ పురుగు వీపు మధ్య సన్నగా చీలింది. ఇద్దరూ మాట మానేశారు. మాస్టారు కుర్చీ గోడ దగ్గరికి జరుపుకున్నారు, ఆమె ఫోన్ టార్చి వేసి వేలితో సగం మూసి వెలుతురు తగ్గించింది. చీలికలోంచి కొత్త వీపు ఉబికింది, తడిగా, నల్లగా మెరుస్తూ. తల వచ్చింది. తరవాత కాళ్ళు, ఒక్కొక్కటీ పాత కాళ్ళ తొడుగులోంచి జారుతూ. రెక్కలు రావడం మాత్రం చూసి తీరాలి. నూనె కాగితంలాంటి పాత రెక్క లోపల నుంచి గాజులాంటి రెక్క బయటికి జారుతుంటే, అంత పల్చని పొరలో ఇంకో పొర ఎలా దాగిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చివర్న తోక పోగులు, ఇందాకటి కంటే పొడుగ్గా. నిమిషం పట్టిందో రెండు నిమిషాలో. కుబుసం గోడనే పట్టుకుని ఉండిపోయింది, పురుగు ఆకారంలోనే.

మాస్టారు: మగది. కళ్ళు చూడు.

తల మీద రెండు మామూలు కళ్ళు కాక, పైకి లేచిన మరో జత. తలపాగా చుట్టినట్టు. బీటిడే కుటుంబంలో మగవాటికి ఇలా ఉంటాయట. సాయంత్రం గుంపు కట్టి ఎగిరేటప్పుడు తమ పైనుంచి పోయే ఆడవాటిని చూడ్డానికి. అది ఎగిరిపోయింది. ఎవరూ కాలు అడగలేదు.

మేనకోడలు: (కాసేపటికి) తండ్రి మాట ఎత్తడు అన్నారు కదా నా సాక్షి. జపాన్‌లో ఎఫొరాన్ షిగే అని ఒక మేఫ్లై ఉంది. శరదృతువులో సాయంత్రం ఒక్కసారిగా నదిలోంచి లేచి, వంతెనల మీద మంచులా పేరుకుంటుంది. కొన్ని నదుల్లో మగవే లేవు. ఆడవే గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు ఆడవే అవుతాయి. ఆ ఆడ గుంపులు ఒక్కో నదిలో ఒక్కోసారి విడివిడిగా పుట్టి ఉంటాయని అనుకునేవారు. 2015లో జన్యువులు చదివితే అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవని తేలింది. ఎప్పుడో ఒకచోట మొదలై, దేశమంతా త్వరగా పాకాయి. తండ్రే లేని చోట అమ్మ తరఫు సాక్షి కంటే ఎవరు కావాలి?

మాస్టారు: ఇది బాగుంది. ఒప్పుకుంటున్నాను. దీని గురించి నా మొప్పల లెక్క ఏం చెప్పదు.

మేనకోడలు: ఇంకోటి చెబితే మీకు ఇంకా నచ్చుతుంది. 2008లో చైనాలో పారాఫ్రోన్యూరస్ యువీ అనే మేఫ్లై మైటోకాండ్రియా మొత్తం చదివారు. 37 ఉండాల్సిన చోట 38 ఉన్నాయి. మెథియోనిన్ మోసే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ రెండుసార్లు వచ్చింది. ఆ కుటుంబంలో మరికొన్నిట్లోనూ ఇదే కనబడింది. ఇది అక్షరాల తేడా కాదు. మొత్తం ఒక జన్యువు అదనంగా వచ్చి కూర్చోవడం. ఇలాంటిది అనుకోకుండా రెండుసార్లు జరగడం అరుదు.

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు. ఆయనకి ఏదైనా నచ్చితే చేసే పని అది.

మాస్టారు: అంటే ఎనిమిదో జత మొప్ప లాంటిదన్నమాట.

మేనకోడలు: అచ్చం అలాంటిదే. నా దారం మీదా మీకు లెక్కపెట్టుకునే ఆనవాళ్ళు ఉన్నాయి.

మాస్టారు: అయితే విను. నా పట్టు ఒక్కటే మిగిలింది. కాలు నూరేస్తావు, అక్షరాలు డీఎన్ఏ బ్యాంకులో వేస్తావు, పేరు రాస్తావు. ఆ పేరు తప్పయితే? పురుగు ఏది? ప్రపంచంలో ఎవడైనా తరవాత మళ్ళీ చూడాలంటే ఏది చూస్తాడు? సిఫ్లూరిస్కస్ సంగతి తెలుసుగా. 1920లో ఉల్మర్ రెక్కల పురుగుకి పేరు పెట్టాడు. పిల్లపురుగు ఎలా ఉంటుందో ఎనభై ఏళ్ళ పైన ఎవరికీ తెలీదు. 2003లో దొరికింది, దానికోసం కొత్త కుటుంబమే పెట్టారు. మేఫ్లైలన్నిట్లో మొదట విడిపోయిన కొమ్మ అదేనని తరవాత మీ జన్యువులూ అన్నాయి. ఉల్మర్ పురుగుని నూరేసి ఉంటే ఆ పిల్లని దేంతో పోల్చేవాళ్ళు?

మేనకోడలు: నేను మొత్తం నూరను. మీరలా అనుకుంటున్నారని ఇప్పుడే తెలిసింది. కాలొక్కటే తీస్తాను. మిగతాది స్పిరిట్‌లో నంబరు వేసి దాస్తాం.

మాస్టారు లేచి లోపలికెళ్ళారు. అలమరా తలుపు కిర్రుమంది. చాలాసేపటికి ఒక సీసాతో వచ్చారు, మిగతావాటికంటే చిన్నది. పాత ఇంజెక్షన్ సీసా, రబ్బరు మూత.

మాస్టారు: మారేడుమిల్లి వాగు. ఆ ట్రిప్పులో ఫార్మలిన్ అయిపోయింది. పక్క ఊళ్ళో కాంపౌండరుని బతిమాలి స్పిరిట్ పోయించుకున్నాను. మగది ఒక్కటే. ఏ పుస్తకంలోనూ కుదరలేదు. ఇరవై ఆరేళ్ళు.

ఆమె సీసా లైటు వైపు పట్టుకుని తిప్పింది. లోపల గోధుమరంగు పోగు ఒకటి తేలింది, తోకలు విరగలేదు.

మేనకోడలు: ఇంత పాతదైతే 658 అక్షరాలూ ఒకే ముక్కగా రాకపోవచ్చు. చిన్న ముక్కలు చేసి చదువుతాను. కాలు తియ్యనా?

మాస్టారు: ముందుకాళ్ళు ముట్టుకోకు. మగదానికి ముందుకాళ్ళు పొడుగు, గాల్లో ఆడదాన్ని పట్టుకునేవి అవే, వాటి కొలతలు కావాలి. వెనకకాళ్ళకి గోళ్ళు చూడాలి. ఎడమ మధ్యకాలు. మొదలంటా వద్దు, తొడ సగం నుంచి.

సీసాలోంచి చిన్న కాగితం ముక్క తీశారు. అక్షరాలు ఇంకా చక్కగా ఉన్నాయి. వెనకవైపు తిప్పి, ఎడమ మధ్యకాలు డీఎన్ఏ కోసం తీయబడింది అని రాసి, కింద తేదీ వేశారు. పెన్సిల్‌తోనే రాశారు. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.